కృప ఉన్నచోట లెక్క ఎందుకు?



మన సంఘాల్లో ఎవరిదైనా తప్పు బయటపడినప్పుడు రెండు మాటలు వినబడతాయి. ఒకటి, "దేవుడే క్షమించాక అడగడానికి మనమెవరం అయ్యగారూ?" రెండోది, "ఇట్టాంటోణ్ణి సంఘంలో పెట్టుకుంటే మన సాక్ష్యం ఏమైపోద్ది?" మొదటి మాట అనేవాళ్లు కృప పక్షాన, రెండో మాట అనేవాళ్లు పరిశుద్ధత పక్షాన నిలబడినట్టు కనబడతారు. ఏళ్ల తరబడి ఈ రెండూ విన్నాక నాకు తోచిందేమంటే, రెండు మాటలూ చేసే పని ఒక్కటే. తప్పు చేసిన మనిషి పక్కన కూర్చునే కష్టాన్ని అవి మనకు తప్పిస్తాయి. మొదటివాళ్లు క్షమించామని లేచి వెళ్తారు. రెండోవాళ్లు వెలివేశామని లేచి వెళ్తారు. ఆ మనిషి మాత్రం తన పాపంతో ఒక్కడే మిగిలిపోతాడు.

మా అర్ధవీడు చుట్టుపక్కల ఒక చిన్న సంఘంలో జరిగిన సంగతి చెబుతాను. ఆ సహోదరుడు రాయమన్నాడు కాబట్టే రాస్తున్నాను. ఊరి పేరు, మనిషి పేరు రాయను. ఎవరో తెలిసినవాళ్లు కూడా ఆ పేరు పైకి తేవద్దని మనవి.

కోత పండుగ కానుకలు అతని దగ్గర ఉండేవి. మందిరం పైకప్పు రేకులు మార్చడానికి పోగుచేసిన సొమ్ము, 26,000 రూపాయలు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మిరప తోట పూతకొచ్చిన సమయానికి అతని బోరు ఎండిపోయింది. రెండోది వేయిస్తే చుక్క పడలేదు. మూడోదానికి బోరు బండివాళ్లు రొక్కం పెట్టమన్నారు. మన పడమటి రైతుకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. కాయలు అమ్మగానే పెట్టేద్దామనుకుని ఆ సొమ్ము తీశాడు. మూడో బోరులోంచి వచ్చింది తెల్లటి దుమ్ము. తోట పోయింది, సంఘం సొమ్మూ పోయింది.

ముందు అతని భార్య మా ఇంటికొచ్చి అమ్మగారి దగ్గర కూర్చుని ఏడ్చింది. రెండు రోజులకు అతనే వచ్చాడు. "ఇంకెవరో చెప్పకముందే నా నోటితో చెప్పాలని వచ్చాను అయ్యగారూ" అన్నాడు. ఆ మాటకు ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. తప్పు తీసిన చేతికి లేని ధైర్యం, ఒప్పుకున్న నోటికి దేవుడిచ్చాడు.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు ఒక వరుస నేర్పాడు. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి. వినకపోతే ఇద్దరు ముగ్గురిని వెంట తీసుకెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. మనం దాన్ని తలకిందులుగా పాటిస్తాం. ముందు టీ బంకు దగ్గర చెబుతాం. తర్వాత మార్కాపురంలో ఉన్న వియ్యంకుడికి ఫోన్ చేస్తాం. ఆ తర్వాత "ప్రార్థన చేయండి" అంటూ వాట్సాప్‌లో పెడతాం. అందరికంటే చివర తెలిసేది ఎవరి సంగతో ఆ మనిషికే. ప్రార్థన అంశం పేరుతో చేసే చాడీ కూడా చాడీయే. ప్రభువు చెప్పిన వరుసలో ఒక ఉద్దేశం ఉంది. సహోదరుణ్ణి తిరిగి సంపాదించుకోవడమే అక్కడ గురి. పరువు ఎంత తక్కువ పోతే, తిరిగి రావడం అంత తేలిక.

ఇక్కడ సొమ్ము ఒక్కరిది కాదు, సంఘమంతటిది. అందుకని సభ్యుల కూటం పెట్టవలసి వచ్చింది. బయటివాళ్లను పిలవలేదు, చిన్నపిల్లలను ఉంచలేదు. అతను నిలబడి జరిగింది చెప్పాడు. బోరు సంగతి చెప్పాడు గాని దాన్ని సాకుగా చెప్పలేదు. వెంటనే ఆ రెండు మాటలూ లేచాయి. ఒకాయన, "పాపం, కష్టంలో తీసుకున్నాడు, కొట్టేద్దాం" అన్నాడు. ఇంకొకాయన, "బల్లకు దూరం పెట్టండి, సభ్యత్వం తీసేయండి" అన్నాడు. కాసేపు కేకలు పడ్డాయి.

వెనక చాప మీద కూర్చున్న ఒక పెద్దామె లేచింది. కూలికి వెళ్లి బతికే మనిషి. ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది. "బిడ్డా, డబ్బు నువ్వు కట్టాల్సిందే. అది మా కూలి. కట్టేదాకా నీ పక్కన నేను కూర్చుంటా." కొంగుముడి విప్పి 500 రూపాయల నోటు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది వాడి లెక్కలో రాయండి" అంది.

కూటం నిశ్శబ్దమైపోయింది. అంతకుముందు చాలాసేపు వాదించినవాళ్లం, అప్పుడు ఎవరికీ మాట రాలేదు.

ఆ తల్లికి చదువు రాదు. కానీ ఆమె చేసింది ఫిలేమోను పత్రికలో పౌలు చేసిన పనే. 25 వచనాల చిన్న ఉత్తరం అది. ఒనేసిము అనే దాసుడు యజమాని దగ్గరనుంచి పారిపోయి పౌలును చేరాడు, ప్రభువును నమ్ముకున్నాడు. పౌలు అతణ్ణి తిరిగి పంపుతూ ఏం రాశాడు? అప్పు లేదనుకో అని రాయలేదు. వీడి ముఖం చూడవద్దనీ రాయలేదు. అతను నీకు ఏమైనా నష్టం చేసి ఉంటే, బాకీ ఉంటే, దాన్ని నా లెక్కలో వేసుకో, నేను తీరుస్తాను అని తన చేతితో రాసిచ్చాడు. గమనించండి, లెక్కల పుస్తకం చింపేయలేదు. అందులో ఇంకొకరి పేరు వచ్చి చేరింది. సిలువ దగ్గర జరిగింది ఇదే కదా! మన అప్పు అబద్ధమని తండ్రి అనలేదు. అది నిజమైన అప్పే. కుమారుడు దాన్ని తన పేరు మీద వేసుకున్నాడు. లెక్కే లేకపోతే సిలువ అవసరం ఏముంది?

జక్కయ్య సంగతి చూడండి, లూకా 19వ అధ్యాయం. యేసు ముందు అతని ఇంటికి వెళ్లాడు. అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇచ్చాకే వస్తానని షరతు పెట్టలేదు. కృప ముందు నడిచింది. కానీ కృప ఇంట్లో అడుగుపెట్టాక జక్కయ్య ఊరకే కూర్చోలేకపోయాడు. సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అని తనకు తానే లెక్క చెప్పాడు. సంఖ్యాకాండము 5వ అధ్యాయంలో ధర్మశాస్త్రం అడిగింది పాపం ఒప్పుకుని, అసలు ఇచ్చి, దాని మీద అయిదో వంతు కలపమని. జక్కయ్య అంతకంటే చాలా దూరం వెళ్లాడు. లెక్క తీర్చి కృపను కొనలేదు. కృప దొరికింది గనుకనే లెక్క తీర్చగలిగాడు. ఈ వరుస తారుమారైతే సువార్త పోతుంది. రెండోదాన్ని వదిలేస్తే పశ్చాత్తాపం పోతుంది.

జర్మనీ దేశపు పాస్టరు డీట్రిక్ బోన్‌హోఫర్ 1937లో వచ్చిన తన పుస్తకంలో చౌక కృప గురించి హెచ్చరించాడు. పశ్చాత్తాపం లేని క్షమాపణను, క్రమశిక్షణ లేని బాప్తిస్మాన్ని ఆయన ఆ పేరుతో పిలిచాడు. హిట్లర్ ప్రభుత్వం 1945 ఏప్రిల్‌లో ఆయన్ని ఉరితీసింది. కృప దేవునికి ఎంత ఖరీదైనదో ఎరిగి రాసిన మనిషి ఆయన.

మన జిల్లా సంఘాలకు ఇది కొత్త పాఠం కాదు. 1876లో మొదలైన ధాత కరువు సంగతి మన ముత్తాతలు చెప్పుకునేవారు. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాలని బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం పని ఒప్పుకున్నాడు. వేలమంది వచ్చి మట్టి తవ్వి కూలి తీసుకున్నారు. పక్కన కూర్చుని ప్రసంగీకులు సువార్త చెప్పారు. చాలామంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. సుమారు 15 నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారో, ప్రభువు కోసం వచ్చారో తేలాలని ఆగాడు. కరువు సహాయం ముగిశాక కూడా జనం వస్తూనే ఉన్నారు. అప్పుడు, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్క రోజున బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు ప్రసంగీకులు వంతులవారీగా, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి ఇచ్చారు.

ఆ అంకె మనం గర్వంగా చెప్పుకుంటాం. దాని వెనక ఉన్న 15 నెలలు చెప్పుకోం. ఇంకొక చిన్న సంగతి కూడా మరచిపోతాం. ఆ రోజు గట్టు మీద పేర్ల జాబితాలు ఉన్నాయి. ముందే రాసిపెట్టిన పేరు చదివితే, ఆ పేరుగల మనిషి నీళ్లలోకి దిగాడు. గుంపులో కలిసిపోయి మునిగి లేచినవాళ్లు కాదు వాళ్లు. ఫలానా పల్లె, ఫలానా మనిషి, ఇతణ్ణి ఎరిగిన ప్రసంగీకుడు ఫలానా అని తెలిసినవాళ్లు. ఎవరూ మనుషులుగా లెక్కించని పల్లె జనాన్ని దేవుని ఇంట్లో పేరు పెట్టి పిలిచారు. లెక్కలో ఉండడమంటే భయపడవలసిన సంగతేమీ కాదు. నన్ను ఎరిగినవాళ్లు, నేను కనబడకపోతే వెతికేవాళ్లు ఉన్నారని దాని అర్థం.

ఆ గుండ్లకమ్మ మన నల్లమలలోనే పుడుతుంది. వెల్లంపల్లి చేరకముందు మన కంభం చెరువులోకి వస్తుంది. జంపలేరు కూడా అందులోనే కలుస్తుంది. విజయనగర కాలంలో కొండల సందున కట్ట కట్టి ఆ నీళ్లను ఆపారు. ఇన్ని వందల ఏళ్లుగా ఆ నీళ్లతో పొలాలు పండుతున్నాయి. కట్ట నీళ్లను పుట్టించదు. వాన దేవుడిచ్చేది, వాగు కొండల్లోంచి వచ్చేది. అయితే కట్టకు గండి పడితే ఆ వానంతా ఒక్క రాత్రిలో దిగువకు పోతుంది. కాలవ పూడితే చెరువు నిండుగా ఉన్నా చివరి పొలం ఎండిపోతుంది.

పాతకాలంలో దీనికి కుడిమరామత్తు అని ఒక ఆనవాయితీ ఉండేది. నీళ్లు వాడుకునే ఇళ్లన్నీ పూడిక తీయడానికి, కట్టకు మట్టి పోయడానికి మనిషిని పంపాలి. తప్పించుకునేవాళ్లు ఎక్కువయ్యారేమో, 1858లో మద్రాసు ప్రభుత్వం దానికి ఒక చట్టమే చేసింది. సంఘంలో ఒకరికొకరు లెక్క ఒప్పజెప్పుకోవడం ఈ మరామత్తు లాంటిది. కృపను మనం పుట్టించలేం. మన మంచితనం వల్ల ఒక్క చుక్క కూడా పెరగదు. కానీ చివరి పొలం దాకా, అంటే తాగి పడిపోయే తమ్ముడి దాకా, భర్త చేతిలో దెబ్బలు తినే అక్క దాకా ఆ నీళ్లు పారాలంటే, అందరం దిగి పూడిక తీయాలి. ఇంటికో మనిషి రావాలి. అయ్యగారు ఒక్కడే పార పట్టుకుంటే అయ్యే పని కాదు.

ఇంగ్లండులో జాన్ వెస్లీ సంఘాల్లో కూడా ఇలాంటిదే జరిగింది. 1742లో బ్రిస్టలు పట్టణంలో మందిరం అప్పు తీర్చడానికి ఒక పద్ధతి పెట్టారు. ప్రతివాళ్లూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలి. పన్నెండుమందికి ఒకరు చొప్పున ఇల్లిల్లూ తిరిగి వసూలు చేయాలి. అలా తిరిగినవాళ్లకు పైసలతో పాటు ఇళ్ల సంగతులు కూడా కనబడ్డాయి. ఒకడు తాగుడులో పడ్డాడు, ఇంకొకడు భార్యతో పోట్లాడుతున్నాడు. డబ్బు వసూలు కోసం పెట్టిన ఆ చిన్న గుంపులే ఆత్మల సంగతి విచారించుకునే కూటాలయ్యాయి. వేలమంది దాంట్లో నిలబడ్డారు. ఆదివారం ఆరాధనలో మన పాపాన్ని దాచిపెట్టడం తేలిక. మన గడప ఎరిగిన పదిమందిలో దాచడం కష్టం.

ఇప్పుడు ఇంకో పక్క సంగతి కూడా చెప్పాలి. క్రమశిక్షణ పేరుతో మన సంఘాల్లో గాయపడ్డవాళ్లు తక్కువమంది కాదు. పేదవాడి తప్పుకు కూటం పెడతారు, పెద్ద కానుక వేసేవాడి తప్పుకు తలుపులేస్తారు. ఆడపిల్ల తప్పటడుగు వేస్తే ఆమెను ముందు నిలబెడతారు. ఆమెతో ఉన్న అబ్బాయి పాటల బృందంలో తప్పెట వాయిస్తూనే ఉంటాడు. ఇది క్రమశిక్షణ కాదు, పక్షపాతం. యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో దీన్ని పాపమనే అన్నాడు. కొరింథులో ఒకణ్ణి వెలివేయమని గట్టిగా రాసిన పౌలే, రెండో పత్రిక 2వ అధ్యాయంలో శిక్ష చాలు, ఇక క్షమించి ఆదరించండి, లేకపోతే అతను దుఃఖంలో మునిగిపోతాడని రాశాడు. వెలివేయడం తెలిసిన సంఘాలు మనకు చాలా ఉన్నాయి. తిరిగి ఎప్పుడు చేర్చుకోవాలో తెలిసినవి కొద్ది.

సంఘం తన గదిలో తేల్చుకోకూడని పాపాలు కూడా ఉన్నాయి. చిన్నపిల్లల మీద చెయ్యి వేసినా, ఆడవాళ్ల మీద బలాత్కారం జరిగినా, అది పాపం మాత్రమే కాదు, నేరం. "సంఘం పరువు" అంటూ రాజీ చేయడం కృప కాదు. బాధపడ్డ బిడ్డ ప్రాణం మీద పెద్దలు చేసుకునే బేరం అది. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద ఇలాంటిది జరిగిందని తెలిసి పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే. చేసినవాడు మోకాళ్ల మీద ఏడ్చినా, ఆ ఏడుపు నిజమే అయినా, అతని కోసం ప్రార్థన చేస్తూనే స్టేషనుకు వెళ్లాలి. బాధపడ్డవాళ్లను ముందు కాపాడాలి. క్షమించమని వాళ్లను తొందరపెట్టే హక్కు మనకు లేదు.

పాస్టర్లమైన మేము కూడా ఈ లెక్కలోనే ఉన్నాం. దైవజనుణ్ణి ప్రశ్నిస్తే శాపం తగులుతుందని కొందరు భయపెడతారు. అభిషేకం పొందినవాడి మీద చెయ్యి వేయకూడదని దావీదు అన్న మాట చూపిస్తారు. ఆ అధ్యాయం, సమూయేలు మొదటి గ్రంథం 24, పూర్తిగా చదవండి. దావీదు సౌలును చంపలేదు, నిజమే. కానీ గుహ బయటికొచ్చి, కోసిన అంగీ చెంగు ఎత్తి చూపించి, నీవు నాకు చేస్తున్నది అన్యాయమని అందరూ వింటుండగా అడిగాడు. అదే దావీదు రాజయ్యాక పాపం చేస్తే, ఆయన ఎదుట నిలబడటానికి దేవుడు నాతానును పంపాడు. పౌలు తిమోతికి రాస్తూ, పెద్ద మీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలన్నాడు, పాపంలో కొనసాగితే అందరిముందూ గద్దించమనీ అన్నాడు. కానుకల పెట్టె తాళం, లెక్కల పుస్తకం, ఆడవాళ్లు ఒంటరిగా ఉన్న ఇంటికి పాస్టరు వెళ్లే వేళ, ఇవన్నీ సంఘం అడగవచ్చు. అడగాలి. అడిగినందుకు కోపం వచ్చే కాపరికి మందకంటే ఎక్కువ కాపలా అవసరం.

ఆ సహోదరుడి సంగతి ఏమైందో చెబుతాను. ఆ కూటంలో మూడు నిర్ణయాలు జరిగాయి. సొమ్ము పూర్తిగా కట్టాలి, అయితే గడువు అతని కష్టం చూసి ఇవ్వాలి. ఒప్పుకుని పశ్చాత్తాపపడ్డాడు గనుక ప్రభువు బల్లకు దూరం పెట్టకూడదు. సంఘం డబ్బు మాత్రం ఇక అతని చేతికి ఇవ్వకూడదు. ఈ మూడోదానికి కొందరు నొచ్చుకున్నారు, క్షమించాక ఇంకా అనుమానమెందుకని. క్షమాపణ వేరు, బాధ్యత అప్పజెప్పడం వేరు. తాగుడు మానిన తమ్ముణ్ణి హత్తుకుంటాం, సారా కొట్టుకు కాపలా పెట్టం. అతన్ని ఆ శోధనకు మళ్లీ ఒంటరిగా వదలకపోవడం కూడా ప్రేమే. కొన్నాళ్లకు అతనే నాతో, "ఆ పెట్టె నా ఇంట్లో లేదు, నాకు నిద్ర పడుతోంది అయ్యగారూ" అన్నాడు.

రెండు మేకపోతులు అమ్మి 14,000 కట్టాడు. హైదరాబాదు వెళ్లి కట్టడం పనిలో చేరి మిగతాది నెలనెలా పంపాడు. తొమ్మిది నెలల్లో తీరిపోయింది. చివరి నెల 500 ఎక్కువ పంపించి, ఆ పెద్దామెకు ఇవ్వమన్నాడు. ఆమె తీసుకోలేదు. "లెక్కలో రాసింది రాసిందే" అంది. ఆ నోటు రేకుల ఖర్చులోకి పోయింది. ఇప్పుడు ఆ సంఘంలో కానుకలు ముగ్గురు కలిసి లెక్కిస్తారు. ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో ప్రతి నెల మొదటి ఆదివారం చదువుతారు. అతనికి ఇంకా అప్పులున్నాయి. ఇంట్లో ఇంకా ఇబ్బందే. కానీ ఆరాధనలో తలెత్తుకుని కూర్చుంటాడు, ఆ పెద్దామె వెనక వరసలో.

ప్రియులారా, ఈ వారం మూడు పనులు చేయమని మిమ్మల్ని బతిమాలుతున్నాను. మీ సంగతి నిజంగా ఎరిగిన ఒక విశ్వాసిని ఎంచుకోండి. మగవాళ్లు మగవాళ్లను, ఆడవాళ్లు ఆడవాళ్లను. నెలకొకసారైనా వాళ్లతో కూర్చుని, ఉన్నది ఉన్నట్టు మాట్లాడండి. తిరిగి ఇవ్వవలసింది ఏదైనా ఉంటే, ఎంత చిన్నదైనా, ఇవ్వడం మొదలుపెట్టండి. ఎవరి తప్పు గురించైనా విన్నారా? ఇంకొకరికి చెప్పే ముందు ఆ మనిషి ఇంటికి వెళ్లండి. వెళ్లలేకపోతే నోరు మూసుకుని ప్రార్థించండి.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, మా అప్పు నీ కుమారుని పేరు మీద వేసుకున్నందుకు నీకు స్తోత్రం. దాచుకున్న పాపాన్ని ఒప్పుకునే ధైర్యం మాకు ఇవ్వు. ఒప్పుకున్నవాళ్ల పక్కన కూర్చునే ఓపిక ఇవ్వు. మా చేతుల వల్ల గాయపడ్డవాళ్లకు న్యాయం చేయి. దూరమైపోయినవాళ్లను పేరు పెట్టి పిలిచి ఇంటికి తీసుకురా. యేసు నామంలో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.